సర్వే నంబర్లలో మిగిలిన ఊళ్ళు

ఫ్రాన్సులో వెర్దన్ అనే పట్టణం దగ్గర మనుషులు లేని ఊళ్ళు ఆరు ఉన్నాయి. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, నెలల తరబడి ఆ ఊళ్ళ మీద ఫిరంగి గుండ్లు కురిశాయి. ఇల్లు, చర్చి, బావి ఏదీ మిగలలేదు. పేలని గుండ్లు నేలలోనే ఉండిపోయాయి కాబట్టి పారిపోయిన జనం మళ్ళీ రాలేదు. నూరేళ్ళు దాటింది, ఇవాళ్టికీ అక్కడ జనాభా సున్నా. అయినా ఆరు ఊళ్ళకూ ఆరుగురు మేయర్లున్నారు. ఓటర్లు లేరు కదా, అందుకని జిల్లాలో ప్రభుత్వ ప్రతినిధిగా ఉండే ప్రిఫెక్టు వాళ్ళను నియమిస్తాడు. దేశం కోసం చచ్చిపోయిన ఊళ్ళివి, వీటి పేర్లు రికార్డులోంచి కొట్టెయ్యడానికి వీల్లేదని ఆ ప్రభుత్వం తీర్మానించుకుంది.

ఇక మన వైపు, హైదరాబాదు ఐటీ కారిడారు వైపు చూద్దాం. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ. పొద్దున తొమ్మిదింటికి వీటిలో ఏ రోడ్డెక్కినా కాలు పెట్టడానికి సందుండదు. కానీ ఏ ఊరికీ సర్పంచ్ లేడు. ఊరి పేరు మీద పురపాలక సంఘం లేదు. పాత గ్రామకంఠం ఎక్కడుండేదని అడిగితే చూపించగలిగే మనిషి దొరకడం కష్టం. అక్కడ జనం పోయినా ఊరు నిలిచింది, ఇక్కడ జనం వచ్చి ఊరు పోయింది. పోయిందని మనం అనుకుంటాం గానీ, నిజానికి ఎటు పోయిందో, ఎక్కడ దాక్కుందో అదే ఇవాళ్టి నా మాట.

ముందు ఫ్రాన్సు సంగతి ఇంకొంచెం చెప్పాలి. అక్కడి పాలనలో అన్నిటికన్నా కింది మెట్టు కమ్యూన్. 1789 విప్లవం వచ్చిన ఏడాదే, డిసెంబరులో చేసిన చట్టంతో పాత చర్చి ఊళ్ళన్నీ ఇంచుమించు ఉన్నవి ఉన్నట్టే కమ్యూన్లయ్యాయి. ఇప్పుడు సుమారు 35 వేలున్నాయి. వాటిలో సగానికి పైగా ఊళ్ళలో ఐదు వందల మంది కూడా ఉండరు. నూరు మంది లోపు జనం ఉన్న ఊరికి కూడా ఏడుగురు సభ్యుల కౌన్సిల్ ఉంటుంది, ఆ ఏడుగురూ తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకుంటారు. ఆ మేయరు తరచూ ఓ రైతో, పదవీ విరమణ చేసిన ఓ బడిపంతులో అయి ఉంటాడు. ఊళ్ళో పుట్టుక, చావు నమోదు చేసేదీ, పెళ్ళి జరిపించేదీ ఆయనే. ఊరి దారులు, శ్మశానం, బడి కట్టడం ఆయన జిమ్మాలో ఉంటాయి. ఒక చేత్తో ఊరికి ప్రతినిధి, ఇంకో చేత్తో రాజ్యానికి ఉద్యోగి.

ఇన్ని చిన్న ఊళ్ళతో ఖర్చు ఎక్కువ, కలిపేద్దామని ప్రభుత్వం 1971లో ఒక చట్టం తెచ్చింది. అది పెద్దగా సాగలేదు, ఊళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ళు ఇంకో దారి పట్టారు. చెత్త ఎత్తడం, తాగునీరు, బస్సులు లాంటి పెద్ద పనులకు పది ఇరవై ఊళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకుంటాయి. మేయరు కుర్చీ మాత్రం ఏ ఊరి కుర్చీ ఆ ఊళ్ళోనే ఉంటుంది. పని పెద్దది, పెత్తనం చిన్నది అన్నమాట. ఈ ఏర్పాటులో లోపాలు లేవనను. కానీ మనం హైదరాబాదు చుట్టూ చేసింది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది కాబట్టి గుర్తుపెట్టుకోమంటున్నాను.

తెలుగు నేల మీద కూడా ఒక ఫ్రెంచి కమ్యూన్ ఉండేది, అది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున ముప్పై చదరపు కిలోమీటర్ల జాగా. 1880 మార్చిలో పారిస్ నుంచి వచ్చిన ఉత్తర్వుతో ఫ్రెంచి ఇండియాలో పది చోట్ల పురపాలక మండళ్ళు ఏర్పడ్డాయి, అందులో యానాం ఒకటి. అంటే తెలుగు మాట్లాడే ఒక చిన్న ఊరికి అప్పుడే ఎన్నికైన మండలి, మేయరు, ఫ్రెంచిలో రాసిన పుట్టుక రిజిస్టరు ఉన్నాయి. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చాక గోదావరి జిల్లాల పెళ్ళిబృందాలు సరిహద్దు దాటి యానాంలో పెళ్ళిళ్ళు చేసుకున్నాయి, ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. చిన్న పాలన అనగానే గొప్ప పాలన అనుకోకూడదని చెప్పడానికే ఈ ముక్క. 1954లో యానాం భారతదేశంలో కలిసింది. పుదుచ్చేరిలో భాగమయ్యాక అక్కడ పురపాలక ఎన్నికలు 1968లో జరిగి, మళ్ళీ 2006 దాకా జరగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఖాళీ కుర్చీ. కుర్చీ ఉన్నంత మాత్రాన మనిషి ఉంటాడని నమ్మకం లేదు.

అదే 1880లో మాదాపూర్ ఎట్లా ఉండేది? హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న ఊళ్ళు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కింద ఉండేవి. వాటిలో పెద్ద భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూమి. మిగిలిన వాటిలో కొన్ని నిజాం సైన్యాన్ని పోషించే పాయెగా నవాబులవి, కొన్ని జాగీర్లు, కొన్ని నిర్ణీత శిస్తుకిచ్చిన మక్తాలు. ఊరికి మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. వాళ్ళ కింద సేత్‌సింధీలనే ఊరి కావలివాళ్ళు, చెరువు నీళ్ళు చూసే నీరటి, వెట్టి చేసే కులాలవాళ్ళు. ఓటు లేదు, మండలి లేదు. ఊరి లెక్క పట్వారీ చంకలో ఉండేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. నవాబులు పోయారు గానీ వాళ్ళ హక్కుల ముద్ర ఊరి పేర్లకు అతుక్కుని ఉండిపోయింది. రాయదుర్గం ఇప్పటికీ రెవెన్యూ రికార్డులో ఒక ఊరు కాదు. రాయదుర్గ్ పాయెగా వేరు, రాయదుర్గ్ పన్మక్తా వేరు, రాయదుర్గ్ నౌఖాల్సా వేరు. మణికొండ జాగీర్ వేరు, మణికొండ ఖాల్సా, అంటే నేరుగా ప్రభుత్వం కింద ఉన్నది వేరు. ఎవరి కింద ఏ షరతు మీద ఉన్న భూమో ఆ తోకే చెబుతుంది.

ఇక నేల ఎట్లా ఉంటుందో చూద్దాం. సముద్ర మట్టానికి ఐదారు వందల మీటర్ల ఎత్తున ఉన్న దక్కను పీఠభూమి. అడుగున ఉన్నది రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైటు. ఎండకూ వానకూ పగిలి పగిలి, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు గుండ్లు నిలబడతాయి. ఖాజాగూడ గుట్టల మీద, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇంకా కొన్ని చూడొచ్చు. ఇట్లాంటి నేలలో బావి తవ్వితే నీళ్ళు పడతాయన్న భరోసా లేదు. ఏడాదికి ఎనభై సెంటీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లో కురిసేది. అందుకని గుట్టల నడుమ ఎక్కడ వాలు దొరికితే అక్కడ కట్ట పోసి నీళ్ళు ఆపారు. పెద్దదైతే చెరువు, చిన్నదైతే కుంట. దుర్గం చెరువు, మల్కం చెరువు, గోపి చెరువు, సున్నం చెరువు, తమ్మిడికుంట, మేడికుంట, కొత్తకుంట... మాదాపూర్ చుట్టుపక్కల పేర్లే ఇవన్నీ. పై కుంట నిండితే మత్తడి దూకి కింది కుంటకు, అది నిండితే ఇంకా కిందికి. ఈ గొలుసే ఆ ఊళ్ళ అసలు పటం. దుర్గం చెరువు నీళ్ళు గోల్కొండ కోటకు తాగడానికి పోయేవని చెబుతారు.

నాకు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా నచ్చే విషయం ఇంకొకటుంది. ఈ ఐటీ కారిడారుకు నడుమ ఎక్కడో కంటికి కనపడని ఒక దూలం ఉంది. దానికి ఇటుపడిన వాన మూసీలోకి పోయి కృష్ణలో కలుస్తుంది. అటు, రామచంద్రాపురం, పటాన్‌చెరు దిక్కున పడిన వాన నక్కవాగులోకి, అక్కణ్ణుంచి మంజీరలోకి పోతుంది. మంజీర నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలాక గౌతమి ఒడ్డున వచ్చే ఊరే యానాం. కంపెనీ బస్సు బీహెచ్ఈఎల్ నుంచి గచ్చిబౌలికి వచ్చే అరగంటలో రెండు మహానదుల పరీవాహక ప్రాంతాలు దాటుతుంది, లోపల కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు ఉండే ఊరి పాలనా పటంలో ఆ గీత ఎక్కడా లేదు.

పాలనా పటంలో ఉన్న గీతలు మాత్రం తక్కువ కాదు, అవి మారినన్ని సార్లు ఇంకేదీ మారలేదు. వేగంగా చెబుతాను. 1978 ఆగస్టు 15న హైదరాబాదు నుంచి విడిపోయి రంగారెడ్డి జిల్లా వచ్చింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ పదవులను తీసేసింది, మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. శేరిలింగంపల్లి మండలమైంది, తరువాత పురపాలక సంఘమైంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో దాని చుట్టూ 52 చదరపు కిలోమీటర్లకు గీత గీసి సైబరాబాద్ అభివృద్ధి సంస్థ పెట్టారు. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లితో సహా పన్నెండు పురపాలక సంఘాలను నగరంతో కలిపి గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థను, అంటే జీహెచ్ఎంసీని చేశారు. 2008 ఆగస్టులో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ కూడా నగరాభివృద్ధి సంస్థ హుడాతో పాటు కరిగిపోయి మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ అయింది. ఏడేళ్ళు బతికిన ఆ సంస్థ పోయినా, దాని పేరు పోలీసు కమిషనరేట్ బోర్డు మీద మిగిలింది.

ఈ వరుసలో అన్నిటికన్నా వింతైన ఊరు మణికొండ. గచ్చిబౌలి 2007లోనే మహానగరంలో కలిసింది గానీ, దాని పక్కనే ఉన్న మణికొండ, పుప్పాలగూడ, కోకాపేట కలవలేదు, గ్రామపంచాయతీలుగానే మిగిలాయి. ఈలోపు అక్కడ ఇరవై, ముప్పై అంతస్తుల మేడలు లేచాయి. అమెరికా వేళలకు పనిచేసే ఇంజినీరు రాత్రి లిఫ్టులో ఇరవయ్యో అంతస్తుకు వెళ్ళి పడుకుంటే, కింద వీధిదీపం వెలిగిందా లేదా చూడాల్సింది గ్రామ సర్పంచ్. 2018 ఆగస్టులో గానీ మణికొండ, నార్సింగి పురపాలక సంఘాలు కాలేదు. అంటే ఫ్రాన్సులో మేయరు ఉండే సైజు పాలన మనకూ ఉండేది, కాకపోతే ఆ పాలన చెయ్యాల్సిన ఊరు దాన్ని దాటి ఎక్కడికో ఎదిగిపోయింది. పంచాయతీ ముద్ర మీద వేసిన లేఅవుట్లలో చెరువు శిఖం భూములు, అంటే నీళ్ళు నిలిచే నేలలు, ఎన్ని కరిగిపోయాయో ఆ ప్రాంతంలో ప్లాటు కొన్నవాళ్ళు చెబుతారు. చిన్న ఆఫీసు దగ్గరగా ఉంటుంది నిజమే, దగ్గరగా ఉన్నదాన్ని కొనడం కూడా సులువే. 2025 చివర్లో ఔటర్ రింగు రోడ్డు లోపలా, దాని వెంటా ఉన్న ఇరవై ఏడు పురపాలక సంఘాలనూ కార్పొరేషన్లనూ జీహెచ్ఎంసీలో కలిపేశారు. అందులో మణికొండ, నార్సింగి కూడా ఉన్నాయి. పురపాలక సంఘంగా వాటి ఆయుష్షు ఏడేళ్ళు.

హైటెక్ సిటీలో ఎవరు ఎవరి కింద ఉన్నారో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. మాదాపూర్‌లో ఒక అపార్టుమెంటులో ఉండే మనిషి ఉత్తరాలకు హైదరాబాదు వాసి. భూమి రికార్డుకు రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం. నేరమైతే సైబరాబాద్ పోలీసు. తాగునీటికి జలమండలి, కరెంటుకు దక్షిణ డిస్కం. అసెంబ్లీకి శేరిలింగంపల్లి నియోజకవర్గం, 2023 ఎన్నికల నాటికి ఏడు లక్షలు దాటిన ఓటర్లతో తెలంగాణలోనే పెద్దది. ఫ్రాన్సులో మూడో పెద్ద నగరమైన లియోన్‌లో పిల్లాజెల్లా అందరినీ లెక్కేసినా ఐదు లక్షల చిల్లరే. ఇక పార్లమెంటుకు ఈయనది చేవెళ్ళ నియోజకవర్గం. అంటే మాదాపూర్‌లో కోడు రాసేవాడికీ తాండూరులో కంది పండించేవాడికీ ఎంపీ ఒక్కడే. నాకు ఇది నవ్వులాటగా అనిపించదు, మంచి ఏర్పాటే అనిపిస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే సందర్భం ఐదేళ్ళకొకసారైనా రావాలి కదా.

ఇంకో ఆఫీసు సంగతి చాలామందికి తెలియదు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పెద్ద కంపెనీ మేడలున్న చాలా జాగా పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థది. వెనక ఏపీఐఐసీ, ఇప్పుడు టీజీఐఐసీ. ఆ లేఅవుట్లలో మేడ కట్టడానికి అనుమతి ఇచ్చేదీ, ఆస్తిపన్ను వసూలు చేసేదీ పురపాలక సంస్థ కాదు, ఈ సంస్థే. దానికి ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ అని పేరు, వాడుకలో ఐలా. వసూలైన పన్నులో కొంత వాటా పురపాలక సంస్థకు పోతుంది. ఐలాకు ఎన్నికలుండవు, వార్డు సభ్యుడుండడు, కమిషనరు ఒక ఉద్యోగి. మన రాజ్యాంగంలోనే 243క్యూ అధికరణంలో పారిశ్రామిక పట్టణాలకు పురపాలక సంఘం అక్కర్లేదని ఒక వెసులుబాటు ఉంది, ఈ ఆలోచన దేశానికి కొత్తదేమీ కాదు. కంపెనీలకు ఇది సులువుగానే ఉంటుంది, ఫైలు తొందరగా కదులుతుంది. రోడ్డు మీద ట్రాఫిక్ వాలంటీర్లను నిలబెట్టడం, ఆడపిల్లలకు రాత్రిపూట షటిల్ బస్సులు నడపడం లాంటివి కూడా ఇక్కడ పోలీసులూ కంపెనీలూ కలిసి 2006లో పెట్టుకున్న సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ సొసైటీ చేస్తుంది. పనులు జరుగుతున్నాయి, కాదనను. వాటిని నడిపేవాళ్ళను ఎవరూ ఎన్నుకోలేదు, అంతే.

ఎన్నుకున్న మండలి ఏది ఎక్కడిదో గుర్తులేనంతగా మారింది సరే. మరి ఊరు ఎటు పోయిందని మొదట్లో అడిగాను కదా. ఊరు సర్వే నంబరులోకి పోయింది. అక్కడ మాత్రం గట్టిగా బతికి ఉంది. మీరు మాదాపూర్‌లో ఐటీ పార్కు చిరునామా చదివితే మేడ పేరు, ఫేజు, అంతస్తు అయ్యాక సర్వే నంబరు 64, మాదాపూర్ అని కనబడుతుంది. నాలెడ్జ్ సిటీ చిరునామాలో సర్వే నంబరు 83, రాయదుర్గ్ పన్మక్తా అని ఉంటుంది. ఎప్పుడో నిజాం కాలంలో గొలుసు పట్టుకుని గుట్టల మీద నడిచిన సర్వేయరు వేసిన నంబరది. జొన్నచేనుకు వేసినా అదే నంబరు, గాజుమేడకు వేసినా అదే. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేసిన భూమి ఎకరం 177 కోట్లు పలికింది. రెండేళ్ళ ముందు కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటినప్పుడే జనం ముక్కున వేలేసుకున్నారు.

ఆ పాత పేర్లు కాగితం మీద ఊరికే పడి లేవు, కోర్టులో లేచి నిలబడతాయి. మణికొండ జాగీర్‌లోని 1,654 ఎకరాలు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫు భూమా, లేక జాగీర్ల రద్దుతో ప్రభుత్వానికి చేరిన భూమా అన్న తగాదా ఏళ్ళ తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ప్రభుత్వం వైపు తేలింది. ఆ వాదనలో తిరగేసినవి నిజాం కాలపు ఫర్మానాలు, జాగీర్ల రద్దు నిబంధనలు. మేడలు కట్టింది ఈ శతాబ్దంలో, వాటి కింద నేల ఎవరిదో తేల్చింది పోయిన శతాబ్దపు చట్టం.

2025 వేసవిలో దేశమంతా చూసిన కంచ గచ్చిబౌలి కూడా ఇట్లాంటిదే. సర్వే నంబరు 25లో నాలుగు వందల ఎకరాలు. గ్రామానికి ఆ పేరు రావడమే పశువుల మేత బీళ్ళ వల్ల. కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు మా ఆవరణే అనుకుంటూ వచ్చిన అడవి. 2003లో క్రీడా సదుపాయాలకని ఒక సంస్థకు ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, కేసు నడిచింది, చివరికి ప్రభుత్వం గెలిచి ఐటీ పార్కుకు చదును చెయ్యబోయింది. బుల్‌డోజర్లు దిగాక జింకలు, నెమళ్ళు తోవ తప్పి రోడ్లెక్కాయి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే కలగజేసుకుని చెట్లు నరకడం ఆపించింది. రెవెన్యూ కాగితంలో ఆ నాలుగు వందల ఎకరాలు అడవి కాదు. వాటిని అడవి చేసింది యాభై ఏళ్ళపాటు అటువైపు ఎవరూ నాగలి కట్టకపోవడమే. ఇట్లాంటి బీడు మీద పాత ఊళ్ళో ఒకళ్ళ మాటే చెల్లేది కాదు, ఎన్ని పశువులు మేపాలో, ఎప్పుడు వదలాలో ఊరు కూర్చుని అనుకునేది. ఆ అనుకునే చోటు పోయింది కాబట్టి తగాదా సరాసరి ఢిల్లీకి వెళ్ళింది.

చెరువులకూ అంతే. 2024 జులైలో ప్రభుత్వం చెరువుల కబ్జాలను తొలగించడానికి హైడ్రా అనే కొత్త సంస్థ పెట్టింది. ఆగస్టు 24న తమ్మిడికుంట పూర్తి నీటిమట్టంలో కట్టారని ఒక పెద్ద కన్వెన్షన్ హాలును కూలగొట్టారు. సెప్టెంబరులో సున్నం చెరువులోని కట్టడాలు కూలాయి. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు చుట్టూ ముప్పై మీటర్లు, చిన్న కుంటకు తొమ్మిది మీటర్లు వదిలెయ్యాలన్న నియమం ఉంది. ఈ నియమం తెలియక కొన్నవాళ్ళున్నారు, తెలిసీ అమ్మినవాళ్ళున్నారు. నాకు అర్థం కానిది ఒకటే. పంచాయతీ చూసింది, పురపాలక సంఘం చూసింది, అభివృద్ధి సంస్థ చూసింది, మహానగర పాలక సంస్థ చూసింది. ఇంతమంది చూస్తుండగా కుంటలో హాలు ఎట్లా లేచింది? చూడాల్సిన ఆఫీసులు ఎక్కువై, చూసే కన్ను లేకుండా పోయింది.

పాత ఊళ్ళో ఆ కన్ను నీరటిది. మాలీ పటేల్‌కు శిస్తు, పట్వారీకి లెక్క, నీరటికి నీళ్ళు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో, కట్టకు ఎక్కడ ఎలుకబొరియ పడిందో చూసుకునే మనిషి. జీతం బదులు ఇనాం చెక్క, కోతప్పుడు కళ్ళంలో మేర. ఎక్కువసార్లు దళిత కులంవాడు, ఊళ్ళో గౌరవం అంతంతమాత్రం. ఆ బతుకు బాగుండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పటేల్ పట్వారీ పెత్తనం పోయినందుకు తెలంగాణలో ఎవరూ ఏడవలేదు, ఏడవక్కర్లేదు కూడా. కానీ పటేల్‌తో పాటు నీరటి కూడా పోయాడు. పటేల్ చోట ఎమ్మార్వో వచ్చాడు, పట్వారీ చోట ముందు వీఆర్వో, తరువాత ధరణి పోర్టల్, 2025 నుంచి భూభారతి పోర్టల్ వచ్చాయి. నీరటి చోట ఎవరూ రాలేదు.

జీహెచ్ఎంసీ 2023 జూన్‌లో ప్రతి వార్డుకూ ఒక కార్యాలయం తెరిచింది. పారిశుధ్యం, ఇంజినీరింగ్, పట్టణ ప్రణాళిక, దోమల నివారణ లాంటి పనులకు ఒక్కొక్కరు చొప్పున పది మంది సిబ్బంది ఒకే కప్పు కింద కూర్చోవాలన్నది ఏర్పాటు. ఫ్రాన్సు ఊరి మేయరు కచేరీకి మన దగ్గర దగ్గరగా వచ్చేది ఇదే. ఎన్నికైన కార్పొరేటరు వేరే, వార్డు ఆఫీసరు వేరే అనుకోండి, అయినా ఒక గడప అంటూ ఉంది. గడప దాకా వెళ్ళే అలవాటే జనానికి పోయింది. 2020 డిసెంబరులో కార్పొరేటర్ల కోసం జరిగిన ఓటింగు నగరం మొత్తంలో సగం కూడా దాటలేదు. అద్దెకుండేవాళ్ళం, మాకెందుకు అని ఐటీ ఉద్యోగులు అంటారు. వీళ్ళే కాలనీ వాట్సాప్ గ్రూపులో రాత్రి పన్నెండింటికి డ్రైనేజీ మీద అరగంట వాదిస్తారు, అది వేరే సంగతి.

శేరిలింగంపల్లిని మళ్ళీ ఇరవై పంచాయతీలుగా విడగొట్టమని నేను అడగను. లక్షల మంది తాగే నీరు, వందల టన్నుల చెత్త, మెట్రో రైలు, వీటిని ఊరి మండలి మొయ్యలేదు. అడిగేది చిన్నదే. వార్డు ఆఫీసులో ఉన్న పది కుర్చీల పక్కన పదకొండోది ఒకటి వెయ్యండి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తన వార్డులోని కుంటలు, వాటి మత్తడి ఎటు దూకేదో, కింది కుంటకు నాలా ఏ మేడ కిందుగా పోతుందో, పాత సర్వే పటం మీద శిఖం హద్దు ఎక్కడుందో నోటికి రావాలి. వానాకాలం ముందు అవన్నీ నడిచి చూడటమే అతని ఉద్యోగం. కట్టడానికి అనుమతి కావాలని ఫైలు వస్తే ఐలా అయినా, హెచ్ఎండీఏ అయినా ముందు అతని సంతకం తీసుకోవాలి. ఉద్యోగం పేరు నీరటి అనే పెట్టండి. జీతం మాత్రం ఈసారి నెలనెలా బ్యాంకులో పడాలి.